చివరి పేరా

"ముఖ్యమైంది ముందు రాయండి. చోటు చాలకపోతే కిందనుంచి కోసేస్తాం" అని పత్రిక బాపట్ల డెస్కులో వార్తలు దిద్దే భువనేశ్వరి మేడం మొదటి రోజే చెప్పారు. రేపల్లె విలేకరి ఫహీం అలాగే రాసేవాడు, వాళ్లు అలాగే కోసేవారు. దాంతో ప్రతి వార్త చివరా ఉండే 'ఈ కార్యక్రమంలో ఫలానావారు పాల్గొన్నారు' అన్న పేరా ఎగిరిపోయేది. తెల్లారేసరికి ఆ ఫలానావాళ్లందరి నుంచీ ఫోన్లు. వార్డు నాయకుడు నరసింహమైతే టీ కొట్టు దగ్గర పలకరించడమే మానేశాడు.

ఫహీంకు చిర్రెత్తుకొచ్చింది. బస్ షెల్టర్ ప్రారంభోత్సవం వార్తలో పేర్లన్నీ ముందు పెట్టి, జరిగిందేమిటో చివర రాసి పంపాడు. ఆ సాయంత్రమే తెనాలి నుంచి ఒక నగల దుకాణం ప్రకటన వచ్చి సగం పేజీ మింగేసింది. తీరిక లేని డెస్కు అలవాటుగా కిందనుంచి కోసేసింది.

పొద్దున పేపర్లో బారెడు పేర్లున్నాయి. వాళ్లంతా ఎక్కడికి, ఎందుకు వెళ్లారో మాత్రం ఒక్క ముక్క లేదు. ఫహీం ఫోను ఆపేసి, తల వంచుకుని టీ కొట్టుకు వెళ్లాడు. పేపరు చేత్తో పట్టుకుని కూర్చున్న నరసింహం లేచి కుర్చీ లాగి వేశాడు.

"కూర్చో తమ్ముడూ. ఇన్నాళ్లకి నీకు వార్త రాయడం వచ్చింది."