బావ పేర్చిన రాళ్లు

ఈతలో అతన్ని మించినవాడు ఆ కొండల్లో లేడు. అందుకే అందరూ నీళ్లకాకి అనేవారు. చేసేది గైడు పని. కొండెక్కాలని వచ్చినవాళ్లను జలపాతం కింది మడుగు దాకా నడిపించాలి, ఈతకు దించాలి, ఒడ్డున గుడారాలు వేయించాలి. ఆ పని నేర్పింది అక్క మొగుడు. కాకికి మూతి మీద మీసం మొలవకముందే ఆ బావకి కొండంతా కొట్టినపిండి.

మడుగుకి వెళ్లే దారిలో గట్టు మీద అంతా బోడి రాయి. అడుగు వేస్తే జాడ నిలవదు. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఎడమకి దిగితే మడుగు, కుడికి దిగితే నీటిచుక్క లేని గండి. జనం తప్పిపోకుండా బావ ఎప్పుడో ఎడమ దారి మొదట్లో రాళ్లు కుప్పగా పేర్చాడు. పొగమంచు పట్టినప్పుడు గైడులకి ఆ కుప్పే కళ్లు. అటు వెళ్లే గైడు దాని మీద ఒక రాయి పెట్టి పోతాడే గాని, తీసినవాడంటూ లేడు.

ఒకరోజు కాకి జట్టు మడుగు చేరేసరికి బావ జట్టు అప్పటికే నీళ్లలో గంతులేస్తోంది.

"ఎవరూ రాని చోటన్నావు, సంతకి తీసుకొచ్చావేమయ్యా?" అంది కాకి వెంట వచ్చినామె. అందరూ నవ్వారు.

కాకికి తల కొట్టేసినట్టయింది. తిరుగుదారిలో జట్టును ముందుకు పంపి, కుప్పను ఊడబీకి కుడి దారి మొదట్లో పేర్చాడు. బావ జట్టు కాసేపు తిరిగి వెనక్కొస్తుందిలే, ఈలోపు మడుగు మనదే అనుకున్నాడు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

మర్నాడు పొగమంచు దిగింది. చెయ్యి చాస్తే చెయ్యి కనబడలేదు. బావ కుప్పను చూసుకుని, దాని పక్కనుంచే కొత్త జట్టును దించాడు. దిగాక చూస్తే గండి. గుడారం వేయడానికి చాపంత చదును లేదు. పైన వాన. రాత్రంతా బండల మీద కూర్చునే తెల్లవార్చారు. ఒకమ్మాయి కాలు మడతపడితే, బావ ఆమెను వీపున మోసుకుని, తల వంచి ఆ పొగమంచులోనే గట్టెక్కాడు.

కాకి వాళ్లింటికి వెళ్లేసరికి బావ గుమ్మంలో కూర్చుని వేడినీళ్ల బకెట్లో కాళ్లు పెట్టుకుని ఉన్నాడు.

"ఏమైంది బావా?"

"ఏముందిరా, బుర్ర పోయింది. కుప్ప కనిపించింది, దిగాను. దిగితే గండి! లేని చోట కుప్ప కనిపించిందంటే ఇంకేమనుకోవాలి?"

"మొన్న ఉప్పు డబ్బాలో పంచదార పోశాడురా తమ్ముడూ," అంది అక్క లోపల్నుంచి. "అప్పుడే అనుమానమొచ్చింది. పోనీ, ఎవరైనా ఆ రాళ్లు జరిపారేమోనయ్యా?"

బావ కస్సుమన్నాడు. "నోర్ముయ్యవే! అన్నం తినే గైడెవడైనా ఆ రాళ్ల జోలికి పోతాడా?" తర్వాత నెమ్మదించాడు. "మనకి జట్లను పంపే గుడారాల కొట్టాయనకి చెప్పేశాను. ఇక నేను కొండెక్కను. నా జట్లన్నీ నీవే."

కాకి ఏదో గొణిగి లేచి వచ్చేశాడు.

తెల్లారకముందే గట్టెక్కి రాళ్లన్నీ మళ్లీ ఎడమకి చేర్చాడు. చేసింది చెరిపేస్తే చెయ్యనట్టే అనుకున్నాడు పాపం.

ఆ పూటే పొడుగోడనే ఇంకో గైడు, "ఒక్కసారి చూసొద్దాం పెద్దాయనా" అంటూ బావను బయల్దేరదీశాడు. కాకీ వెంట నడవక తప్పలేదు. ఎండ కాస్తోంది. కుప్ప ఎడమ పక్కన బుద్ధిగా నిలబడి ఉంది. పొడుగోడు కుప్పను చూశాడు, బావను చూశాడు.

బావ రాళ్లను ఒక్కొక్కటే తడిమాడు. "ఉన్నచోటే ఉంది కదరా," అంటూ కూలబడ్డాడు. "రేపు ఇంటికి దారి కూడా మరిచిపోతానేమో."

"బావా," అన్నాడు కాకి. "జరిపింది నేనే. పొద్దున వచ్చి మళ్లీ పెట్టిందీ నేనే."

"ఊరుకోరా," అన్నాడు పొడుగోడు.

బావ కళ్లు తుడుచుకున్నాడు. "నా మీద జాలితో అబద్ధాలాడకు. నువ్వలాంటివాడివి కాదు."

ఆ మాట చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది. కాకి బావ చెయ్యి పట్టుకుని కుడి దారి దగ్గరికి లాక్కెళ్లాడు. మోకాళ్ల మీద కూర్చుని వేలితో చూపించాడు. "ఇదిగో, ఇక్కడ పేర్చాను. నాచు ఎలా నలిగిందో చూడు. ఆ పెద్ద బండ ఎత్తలేక ఈడ్చాను, ఇదిగో గీత. నమ్ము బావా, నేనే!" తాను దొంగనని ఒప్పించడానికి ఇంత బతిమాలుకోవాలని అతను కలలో కూడా అనుకోలేదు.

"ఎందుకురా?"

"మడుగు నాకొక్కడికే ఉండాలని."

బావ ఆ గీతను వేలితో రుద్ది చూశాడు. "అయితే నాకు కనిపించింది నిజం కుప్పేనా?"

"నిజం కుప్పే."

బావ పగలబడి నవ్వాడు. "నా బుర్రకేం కాలేదురోయ్!" అని తొడ చరిచాడు. పొడుగోడు పక్కకు ఉమ్మేశాడు. బావ తిట్టినా బాగుండేదనిపించింది కాకికి. ఆ సంతోషం చూడలేక తల దించుకున్నాడు.

నవ్వు ఆగాక బావ లేచాడు. "ఆ అమ్మాయి కాలు వాచి కొట్టు వెనక గదిలో పడుంది. జట్టంతా అక్కడే ఉన్నారు. పద, చెబుదువుగాని."

"అందరి ముందా బావా?"

"అందరి ముందే."

గది తలుపు తెరిచే ఉంది. మంచం మీద ఆమె, చుట్టూ మిగిలినవాళ్లు. బావను చూడగానే ముఖాలు తిప్పుకున్నారు. కాకి గుమ్మం బయటే ఆగిపోయాడు.

"అమ్మా, మిమ్మల్ని గండిలోకి దింపింది ఈయన కాదు," అన్నాడు.

"మరెవరు?" అందామె.

బావ పక్కకు జరిగి దారిచ్చాడు. కాకి గడప దాటి లోపలికి వెళ్లాడు.