తుఫానుకి మగ గొంతు

ధాత్రి తడి బనియన్ మీద ఇస్త్రీపెట్టె అదిమింది. సుయ్‌మని ఆవిరి లేచింది. బంగాళాఖాతంలో తుఫాను పుడితే అమీర్‌పేటలో తడిసేది మొగుడి బనియన్లు. రెండ్రోజులుగా ముసురు, దాని మీద డిసెంబరు చలి. తీగ మీది బట్టలు ఆరవు. ఆరకపోతే ఆకాశాన్ని ఎవరూ ఏమీ అనరు, ధాత్రిని అంటారు.

"ఇంకో వారం ఇట్లాగే ఉంటుందట," అంది అత్తగారు సీతామహాలక్ష్మి, శాలువా చెవుల మీదికి లాక్కుంటూ. "నాకా ఆయాసం, వాడికా దగ్గు. వారం సెలవు పెట్టెయ్యమ్మా. కషాయమైనా వేళకి అందుతుంది."

"తుఫానప్పుడే కదత్తయ్యా ఆఫీసులో పని."

మొగుడు కేదార్ ఫోన్లోంచి తలెత్తకుండానే నవ్వాడు. "ఏంటి పని? వానొస్తుందని చెప్పడమేగా. కిటికీ తీస్తే వాళ్లకి తెలీదా?"

ధాత్రి బనియన్ మడతపెట్టి ఇంకోటి తీసింది. ఆమె ఆఫీసు పంజాగుట్టలో ఒక మేడ మీద ఉంది. సముద్రం పక్కనుండే చిన్న ఊళ్లకి అక్కణ్ణుంచి ఫోన్లలో వాతావరణం చెబుతారు. వలలపాలెం ఆమె వంతు. ఎండ ఇంత, ఉక్క ఇంత అని చెప్పే మామూలు రోజుల్లో గొంతు ఆమెది. తుఫానొస్తే మాత్రం రాసేది ఆమె, చదివేది రఘురామ్, ఊరికి పంపేది మళ్లీ ఆమె. ఎందుకలా అని ఒకసారి అడిగింది. ఆమె కన్నా చిన్నవాడైన మేనేజర్ రిషి ఓపిగ్గా చెప్పాడు: "జర సమజ్ చేసుకోండి మేడం. తుఫానంటే గొంతుల దమ్ముండాలె. ఆడగొంతు ఇంటే పెండ్లి పిలుపనుకుంటరు." గదంతా నవ్వింది. సిగ్గులేక ధాత్రి కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ నోట్లో చేదుగానే ఉంది. అదే గొంతు ఇంట్లో ఎక్కువైపోతుంది. "మెల్లగా మాట్లాడు, కింది ఫ్లాటు వాళ్లు వింటారు," అంటాడు కేదార్. ఒక్కటే గొంతు, అక్కడ చాలదు, ఇక్కడ పట్టదు.

సెలవు మాట తేల్చకుండానే గొడుగు తీసింది. "రేపట్నుంచైనా పెట్టు," అన్న అత్తగారి కేక మెట్ల దాకా వెంటొచ్చింది.

వలలపాలేనికి పొద్దుటి సందేశం రఘురామ్ గొంతుతో వెళ్లిపోయింది. "మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. లోతట్టు ప్రాంతాల ప్రజలు పునరావాస కేంద్రములకు తరలివెళ్లవలెను." మధ్యాహ్నం ఆ ఊరినుంచి ఫోనొచ్చింది. మనిషి పేరు వజ్రమ్మ.

"అమ్మా, ఆ మగాయన తరలిపొమ్మన్నాడే, బస్సు బడికాడ నిలబడుంది. మా ఆయన పడవ కట్టడానికి రేవుకి పోయాడు. ఫోనెత్తట్లా."

"నువ్వెక్కెయ్ వజ్రమ్మా. ఆయన వెనకాల వస్తాడు."

"ఎట్టా ఎక్కేది? ఎవర్నడిగి పోయావని మా అత్త చంపుద్ది. పోయిన గాలివానకి మా తోటికోడలు చెప్పకుండా పోయిందని, ఇప్పటికీ బువ్వకాడ అదే మాట. మా వీధి ఆడోళ్లంతా గుమ్మాల్లోనే ఉన్నాం. మగోళ్లొచ్చి పొమ్మంటే పోతాం."

"ఈలోపు నీళ్లొస్తే?"

"అదే చూస్తన్నాం."

ధాత్రి రిషి దగ్గరికెళ్లింది. మొగుళ్ల కోసం ఆగొద్దని ఆడవాళ్లకి ఒక్క మాట చేరుద్దామంది.

"ఇండ్లల్ల లొల్లి పెట్టమంటరా? అది వాళ్ల ఫ్యామిలీ మ్యాటర్ మేడం. మనది వెదర్."

"నేనది చదవలేనండీ," అన్నాడు రఘురామ్. "రెచ్చగొట్టినట్టుంటుంది."

అతను పాత మాటలే మళ్లీ చదివి రికార్డు చేశాడు. "పంపెయ్యండి," అని చెప్పి ఇద్దరూ టీకి దిగారు.

ధాత్రి తెర ముందు కూర్చుంది. నీళ్లు ఎవర్నీ అడగవు, గుమ్మం దాటి వచ్చేస్తాయి. అనుమతి కోసం గుమ్మంలో నిలబడ్డ ఆడదాన్ని ఆమె ఎరుగును. పొద్దున ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడింది అదే. లేచి రికార్డింగు గదిలోకి వెళ్లింది. కాగితం లేకుండానే మాట్లాడింది.

"నేను ధాత్రిని. రోజూ మీకు ఎండ చెప్పే మనిషిని. వలలపాలెం ఆడవాళ్లూ, వినండి. ఈ రాత్రికే తుఫాను మీ మీదికొస్తోంది. వాన వారందాకా వదలదు. మందులు, పిల్లల గుడ్డలు మూటకట్టుకోండి. బడి దగ్గర బస్సుంది. మొగుడొచ్చి పొమ్మనేదాకా ఆగకండి. అత్తనడగకండి, అత్తని కూడా ఎక్కించండి. మీ ప్రాణం మీరు కాపాడుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. కదలండి."

గొంతు పెద్దదే. కేదార్ భయపడినంత పెద్దది. రఘురామ్‌ది పక్కనపెట్టి, తనది పంపింది.

కాసేపటికి వజ్రమ్మ మళ్లీ చేసింది. వెనకాల బస్సు ఇంజను మోత, ఎవరో ముసలామె శాపనార్థాలు.

"ఎక్కేశామమ్మా. ఆ తిట్టేది మా అత్తే. తిట్టుకుంటానే ఎక్కింది. పక్కింటోళ్లు మాత్రం కదల్లా. మొగుళ్లొచ్చేదాకా ఉంటారంట."

ధాత్రికి సంతోషం సగంలోనే ఆగిపోయింది. ఆ పక్కింటివాళ్ల పేర్లయినా అడిగేలోపు ఫోను తెగింది.

తలుపు తోసుకుని రిషి వచ్చాడు. అతని నోట్లోంచి 'మేడం' అనే మాట ఎగిరిపోయింది. "ఎవర్నడిగి పంపినవ్?"

అప్పుడే చేతిలో ఫోను మోగింది. కేదార్.

"సెలవు పెట్టావా? అమ్మ అడుగుతోంది."

"పెట్టలేదు. తుఫాను పోయేదాకా రోజూ వస్తాను. కషాయం నువ్వు కాచు."

"ఏంటీ? ఎవర్నడిగి డిసైడ్ చేశావ్?"

ఎదురుగా ఒకడు, చెవిలో ఒకడు. ఇద్దరికీ వేరువేరుగా జవాబివ్వడం దండగ అనిపించింది.

"ఎవర్నీ అడగలేదు," అంది ధాత్రి, ఫోను దించకుండా, రిషి కళ్లలోకి చూస్తూ. తర్వాత సాయంత్రం సందేశం చదవడానికి రికార్డింగు గదిలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకుంది.