దాలమ్మ భుజమెత్తు గోడ

దాలమ్మకు బరువంటే భయం లేదు. ముప్ఫయ్యేళ్లుగా నెత్తిన చేపల గంపతో శ్రీకూర్మం చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగిన మనిషి. ఆమెకు చిర్రెత్తించేదల్లా దించుకోవడమే. నిండు గంప ఒక్కతే దించుకోలేదు. "ఓ సెయ్యెయ్యండమ్మా" అని గడప గడపకూ బతిమాలాలి. నీచు వాసనని ముక్కు మూసుకుని తలుపేసుకున్న మహాతల్లులు ఎంతమందో!

ఆమె కూతురు రాణి ఇంజనీరైంది. ఊళ్లో కట్టబోయే చేపల మార్కెట్టుకు ప్లాను గీసే పని ఆ పిల్లకే పడింది. మార్కెట్టు మొదట్లోనే భుజమెత్తు గోడ ఒకటి గీసింది. గంపను నెత్తి మీంచి పక్కకు జరిపితే చాలు, గోడ మీదికి దిగుతుంది. పైఆఫీసరు గణపతిరావు దాన్ని ఎర్రపెన్నుతో కొట్టేశాడు. "అడ్డుగోడ దేనికమ్మా, దండగ!" అన్నాడట. రాణి ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు.

"ఏటే, దానికే ఏడుపా? రేపు ఆ బాబుని ఇలా తీసుకురా" అంది దాలమ్మ. మోసేవాడికే కదా తెలిసేది కావడి బరువు!

మర్నాడు రాణితో కలిసి స్థలం చూడ్డానికొచ్చిన గణపతిరావుకు నిండు గంపతో ఎదురెళ్లింది. "బాబూ, మెడ ఇరిగిపోతన్నాది. కాస్త దించు."

పాపం, మంచివాడే. రెండు చేతులూ వేశాడు. గంప ఒరిగి చేపల నీళ్లు ఇస్త్రీ చొక్కా మీదుగా కారాయి. మనిషి తూలాడు. రాణి గంపను పట్టుకోబట్టి సరిపోయింది గానీ, అందులోని కానాగంత చేపలన్నీ ఇసక పాలయ్యేవే.

"మీరున్నారు గావట్టి దిగింది బాబూ. రోజుకి ఇరవైసార్లు మాకెవులుంటారు?"

గణపతిరావు ఒగరుస్తూ రాణి వైపు తిరిగాడు. "ఆ గోడ ఎంతెత్తు వేశావమ్మా?"

"మా అమ్మ భుజమెంతో అంత సార్. మొన్న గుమ్మంలో నిలబడి నన్ను తిడుతుంటే, తలుపు మీద గీత పెట్టుకున్నాను."

"ఓసి దీని జిమ్మడ!" అంది దాలమ్మ. ఆనందంతో ఆమెకు కళ్లనీళ్లు తిరిగాయి. గణపతిరావు అక్కడే ప్లాను తెప్పించుకుని, కొట్టేసిన గోడ మళ్లీ కట్టమని రాసిచ్చాడు.

మార్కెట్టు తెరిచిన రోజు దాలమ్మ గంపతో వచ్చి, తల ఒక్కటి వంచి, గోడ మీదికి జరిపింది. ఎవరినీ పిలవలేదు. వెనకే తన చేపల గంపతో వచ్చిన లక్ష్మణమ్మ కూడా అలాగే దించుకుని నోరు తెరిచింది. "ఒసే, కొలిసి కట్టినట్టున్నాదే!"

"కట్టినట్టేటే? నా భుజం కొలిసే కట్టింది మా రాణి. కావాలంటే పక్కన నిలబడతాను, సూసుకో!"