లచ్చి చెవిలో చుక్క

ఆ ఆదివారం హోసూరులో కుక్కల పోటీ. మా లచ్చికి అంతకుముందే రెండు ఊళ్లలో ఇద్దరు జడ్జీలు సర్టిఫికెట్లు ఇచ్చారు. మూడో జడ్జి కూడా ఇస్తే చాంపియన్ అవుతుంది. అలా అయితే మా ఇంట్లోనే ఉంటుంది. కాకపోతే ఊత్తంగరై దగ్గర మామిడితోట ఉన్న కేశవప్ప తీసుకుపోతాడు. నాన్న ఆయనకు మాట ఇచ్చేశాడు.

లచ్చిది గ్రేట్ డేన్ జాతి. దూడంత ఉంటుంది. తెల్లటి ఒంటి మీద నల్లమచ్చలు. రాయకోట దగ్గర మా ఇంటి వెనక షెడ్డులో అలాంటివి రెండింటికి మించి పట్టవు. చాంపియన్ కాని కుక్కకు పిల్లలు పెట్టించకూడదనీ, పిల్లలు పెట్టని దాన్ని ఉంచుకోకూడదనీ నాన్న నియమం. ఆ నియమం ప్రకారం ఇప్పటికి నాలుగు కుక్కలు మా గేటు దాటాయి. అమ్మ ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. లచ్చి విషయంలోనూ చెప్పలేదు. కానీ లచ్చి తల్లి ఈనిన రోజే చచ్చిపోయింది. రెండు గంటలకొకసారి సీసాతో పాలు పట్టి లచ్చిని బతికించింది అమ్మే.

పొద్దున నాన్న తడిబట్టతో లచ్చిని తుడిచి, వ్యాను వచ్చిందేమో చూడటానికి రోడ్డు మీదికి పోయాడు. అమ్మ వంటింట్లోంచి చూపుడువేలికి కాటుక రాసుకొని వచ్చింది. ఆముదం దీపం మీద తనే పట్టిన కాటుక. లచ్చి ఎడమ చెవిని మడిచి లోపల చుక్క పెట్టింది.

"ఒంటికి ఏమీ పూయకూడదని నాన్న చెప్పినాడు కదమ్మా?" అన్నాను.

"ఆయన చెప్పింది పౌడరు గురించి. ఇది దిష్టిచుక్క. చెవిలోపల ఎవరు చూస్తారే? పోయినేడు మన షెడ్డులో ఉండిన రాజాగాడు పోటీ గెలిచి ఇంటికొచ్చినాక నాలుగు దినాలకే పొట్ట ఉబ్బి చచ్చిపోలేదా? ఊరి కండ్లన్నీ వాని మీదనే. నువ్వేమీ చెప్పబాక."

నేను చెప్పలేదు. చెప్పకుండా ఉండటం నాకు కష్టమైన పని కాదు. బడిలో టీచరు అడిగినా సగం రోజులు నేను అంతే.

లచ్చిని వ్యాను ఎక్కించి బయలుదేరుతుంటే గొర్రెలు తోలుకుపోతున్న గుర్రప్ప తాత ఆగాడు.

"ఏమప్పా మాదేశా, దూడను సంతకు తోలుకుపోతాండావా?"

"పోటీకి మామా," అన్నాడు నాన్న.

"పాలెన్ని లీటర్లిస్తుంది?"

"దగ్గరికి రా, కరిచి చెప్తుంది."

"కరవాలంటే ముందు దాన్ని నిద్ర లేపప్పా!"

నిజమే. లచ్చి అప్పటికే అమ్మ ఒడిలో తల పెట్టుకొని కళ్లు మూసింది. నాన్న కూడా నవ్వాడు.

హోసూరు మైదానంలో తాళ్లు కట్టి చదరం చేశారు. నాన్న చేతికి నంబరు కట్టుకొని లచ్చితో లోపలికి పోయాడు. అమ్మా నేనూ తాడు ఇవతల నిలబడ్డాం. జడ్జి కోల్‌కతా నుంచి వచ్చిన పెద్దావిడ. ఆమె ఇంగ్లీషును పక్కనున్న ఒకాయన తమిళంలోనూ తెలుగులోనూ చెబుతున్నాడు. ఆమె పళ్లు చూసింది, భుజాలు తడిమింది, పరుగెత్తించమంది. లచ్చి అంత అందంగా పరుగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. జడ్జి తల ఊపింది. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

చివరగా జడ్జి లచ్చి తల నిమురుతూ చెవులు వెనక్కి మడిచింది. తరువాత తన బొటనవేలు చూసుకుంది. నల్లగా ఉంది. సంచిలోంచి తెల్ల చేతిరుమాలు తీసి చెవిలోపల రుద్ది, నాన్నకు చూపించింది.

"మచ్చకు రంగు వేసినారా అని అడుగుతా ఉండారు," అన్నాడు పక్కనున్న ఆయన.

"నాకు తెలీదు సార్," అన్నాడు నాన్న. ఆయనకు నిజంగానే తెలీదు. చేతిరుమాలు వైపు ఒకసారి చూసి, తాడు ఇవతలున్న అమ్మ వైపు చూశాడు.

"రంగు కాదయ్యా! కాటుక. దిష్టికి పెట్టింది నేనే. ఆయనకు తెలీదు," అంది అమ్మ. మైదానంలో చాలామంది తిరిగి చూశారు.

పక్కనున్న ఆయన ఇంగ్లీషులో చెప్పింది జడ్జి ఓపికగా విన్నది. చిన్నప్పుడు తనకూ వాళ్లమ్మ నుదుటి పక్కన ఇలాగే పెట్టేదట. కానీ ఒంటికి పూసింది చేతికి అంటితే ఆ కుక్కను బయటికి పంపాలట, అది ఎందుకు పూసినా సరే. ఆమె లచ్చి మెడ మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. ఆమె కోప్పడి ఉంటే బాగుండేదని నాకు అనిపించింది.

తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో అమ్మ కొంగుతో లచ్చి చెవి తుడిచింది.

"రెండు నెలలకు బెంగళూరులో ఇంకొకటి ఉంది కదప్పా," అంది అమ్మ.

"కేశవప్పకు ఏమని చెప్పేది? ఈ పోటీ వరకే అని మాటిచ్చినాను." నాన్న నా వైపు తిరిగాడు. "నీకు తెలుసునా?"

తల ఊపాను.

"ఒక్క మాట చెప్పింటే తుడిచేసి ఉందును," అన్నాడు. కిటికీలోంచి బయటికి చూశాను. టమాటా బుట్టలు ఎక్కించిన లారీలు పోతున్నాయి. వాటిని లెక్కపెట్టాను. ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో తెలీదు.

మంగళవారం కేశవప్ప వచ్చాడు. ఆయన వ్యాను చూడగానే లచ్చి ఎవరూ పిలవకుండానే ఎక్కేసింది. వ్యాను అంటే దానికి పోటీ. లోపల నాలుగు కాళ్లూ సరిగ్గా పెట్టుకొని, మెడ ఎత్తి, జడ్జి ముందు నిలబడినట్టు నిలబడింది.

"గిన్నె కింద పెట్టద్దన్నా, ముక్కాలిపీట మీద పెట్టు," అంది అమ్మ. "వంగి తింటే దానికి కష్టం. తిన్నాక గంటసేపు పరుగెత్తనీయబాక. పొట్ట ఉబ్బితే రాత్రి పగలు చూడకుండా డాక్టరు దగ్గరికి పోవల్ల."

"సరేమ్మా, సరే," అన్నాడు కేశవప్ప.

"ముక్కాలిపీట మీదనే. మరిచిపోతావు నువ్వు. పూర్ణీ, రాసియ్యే."

నోటుబుక్కులోంచి కాగితం చింపి రాసిచ్చాను. కేశవప్ప దాన్ని చదవకుండానే మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"అన్నీ రాసినావా?" అని అడిగింది అమ్మ.

"రాసినాను."

అమ్మ చెప్పినవన్నీ రాశాను. రాత్రిళ్లు వీపు మీద అమ్మ పాదం ఆనించనిదే లచ్చి పడుకోదు. అది అమ్మ చెప్పలేదు. నేనూ రాయలేదు. వ్యాను కదిలింది. నాన్న గేటు వేసి లోపలికి పోయాడు. కాసేపటికి మేమూ పోయాం.