రుఫీనో తిన్న రొట్టె

చేయాల్సిన పనులు చాలానే ఉన్నాయి. జారిన దూలానికి కింద యూకలిప్టస్ మొద్దు ఊతంగా నిలబెట్టాలి. విరగని పెంకులను ఏరి ఒక పక్కన పేర్చాలి, విరిగినవాటిని వీధి చివరికి మోయాలి. వంటింట్లో తిరిగే గినీపందులను పినతల్లి కూతురింటికి చేర్చాలి, ఎందుకంటే పగిలిన గోడ సందులోంచి పక్కింటి కుక్క పొద్దున్నుంచీ మూతి పెడుతోంది. మట్టిలో కలపడానికి కొండగడ్డి తెప్పించాలి. కొత్త ఇటుకలు పోయించాలి, అదీ ఎండలుండగానే, వానలు మొదలైతే పచ్చి ఇటుక ఆరదు. వీటన్నిటికంటే ముందు ఆ రొట్టెల రుఫీనో ఎక్కడ దాక్కున్నాడో కనుక్కోవాలి. కనుక్కుని, ఇవన్నీ వాడి చేతే చేయించాలి.

హెర్మెలిందా ఈ పనులను ఉర్కోస్ సంతలో బంగాళదుంపల మూటల వెనక కూర్చుని, వేళ్ళు మడుస్తూ, కొనేవాళ్ళకీ కొననివాళ్ళకీ కూడా వినిపించేలా చెప్పేది. చివరి వేలి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి పిడికిలయ్యేది.

జరిగింది ఇదీ. ఆమె ఒంటరి మనిషి. ఇంటి వెనకగదిని రుఫీనో తుపయాచీకి అద్దెకిచ్చింది. అతనిది ఒరోపేసా, ఊరు ఊరంతా రొట్టెలు కాల్చేవాళ్ళే. చేతిలో పనుంది, నోట్లో బంగారు పన్నుంది, మాట తీపి. పొయ్యి పెరట్లో కట్టుకోమంటే మొదట పెరట్లోనే కట్టుకున్నాడు. వానలో పళ్ళేలు మోయడం బద్ధకమేసింది కాబోలు, ఆమె పొద్దంతా సంతలోనే ఉంటుందని చూసుకుని, గది వెనకగోడను లోపల్నుంచి తొలిచాడు. సగం మందం తొలిచేసి అందులో పొయ్యిని కూర్చోబెట్టాడు. కనిపించకుండా పిండి బస్తాలు అడ్డం పేర్చాడు. అద్దెకని వెళ్ళినప్పుడల్లా గుమ్మంలోనే ఆపి వేడి రొట్టె చేతిలో పెట్టి పంపేవాడు. ఆమె ఆ రొట్టె తింటూ, పాపం మంచివాడు అనుకుంటూ తిరిగొచ్చేది. అది తలుచుకుంటే ఆమెకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

ఆగస్టు మొదట్లో ఒక ఆదివారం సంత నుంచి వచ్చేసరికి గోడ బయటికి ఉబ్బి, నిలువునా చీలి ఉంది. దూలం ఒక పక్కకు జారింది. పెంకులు పెరటినిండా పరుచుకున్నాయి. రుఫీనో లేడు, పళ్ళేలు లేవు, పిండి బస్తాలు లేవు. పోతూ పోతూ తలుపు గడియ కూడా ఊడదీసుకుపోయాడు.

పక్కింటావిడ చెప్పిన మాట అన్నిటికంటే మండించింది. రుఫీనో లారీ ఎక్కుతూ అన్నాడట: "ముసలి గోడమ్మా అది. ఇవాళ కాకపోతే రేపు పడేదే."

ముసలి గోడ! ఆ గోడ హెర్మెలిందా తల్లి సతుర్నీనా లేపింది. మొగుడు గనిలోకి పోయి తిరిగి రాకపోతే, పసిపిల్ల హెర్మెలిందాను వీపున కట్టుకుని, మంచు పడే పొద్దుల్లో ఒట్టికాళ్ళతో మట్టి తొక్కి, ఒక్కో ఇటుకా తనే పోసుకుంది. పాదాలు పగిలి నెత్తురు కారితే ఆ నెత్తురూ మట్టిలోనే కలిసింది. తర్వాత పెద్ద భూకంపంలో వీధిలో సగం ఇళ్ళు కూలాయి, ఆ గోడ మీద వెంట్రుకంత చీలిక కూడా రాలేదు. భూకంపం చేయలేని పని ఈ రొట్టెలవాడు చేశాడు. పైగా ముసలిదట!

ఆమె ముందు ఊరి జడ్జి దగ్గరికి వెళ్ళింది. జడ్జి అంటే ఎరువుల కొట్టు నడిపే దోన్ అబెలార్దోయే. ఊరివాళ్ళు ఎన్నుకున్నారు, తగాదాలు కొట్లోనే కూర్చుని తీరుస్తాడు.

"వాడి అడ్రసు తీసుకురా తల్లీ, నోటీసు పంపిస్తా," అన్నాడాయన బస్తా కుడుతూ.

"అడ్రసు తెలిస్తే మీదాకా ఎందుకొస్తాను బాబుగారూ? నేనే వెళ్ళి చొక్కా పట్టుకుందును."

"చొక్కా పట్టుకుంటే వాడే నీ మీద కేసు పెడతాడు."

"అంటే వాడు నా గోడ తవ్వొచ్చు. నేను వాడి చొక్కా ముట్టుకోకూడదు. బాగుందండీ చట్టం!"

ఆయన తల గోక్కుని, గోడ మీద కప్పుకోమని ఖాళీ ఎరువు సంచులు కొన్ని ఇచ్చాడు. తీసుకోకూడదనుకుంది. తీసుకుంది.

ఒరోపేసా వెళ్ళింది. రుఫీనో అత్త నీళ్ళిచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, వాడు పుయెర్తో మల్దొనాదో వెళ్ళాడమ్మా, అడవిలో బంగారం తవ్వుతున్నాడు అంది. అన్న అయితే హులియాకాలో లారీ తోలుతున్నాడన్నాడు. రెండు వీధుల అవతల వదిన ఏడుపు మొహం పెట్టి, అరెకీపా ఆసుపత్రిలో ఉన్నాడు, కిడ్నీలు చెడిపోయాయంది. ప్రతి ఇంట్లోనూ వచ్చేటప్పుడు ఒక వేడి రొట్టె చేతిలో పెట్టారు.

"ఏమ్మా," అంది హెర్మెలిందా వదినతో, "ఒక్క మనిషి ఒకే నెలలో అడవిలో తవ్వుతూ, హులియాకాలో లారీ తోలుతూ, అరెకీపాలో పడకెక్కుతూ ఉన్నాడా? దేవుడికే అంత చేతకాదే!"

"మా వాళ్ళు ఒకరి మాట ఒకరు వినర్లే అక్కా," అంది వదిన సిగ్గు లేకుండా.

బస్టాపులో ఆ రొట్టెలన్నీ ఒక కుక్కకు వేసింది. ఆ కుక్క కూడా తినేముందు కాసేపు ఆలోచించింది.

సెప్టెంబరు వచ్చింది. ఎండలు ఇంకా ఉన్నాయి కానీ సాయంత్రాలు కొండల మీద మబ్బు కట్టడం మొదలైంది. ఒక్క వానాకాలం తడిస్తే చాలు, మిగతా మూడు గోడలూ కరిగి మట్టికుప్పవుతాయి. తల్లి వదిలిపోయింది ఆ ఇల్లొక్కటే. హెర్మెలిందా సంతలో వేళ్ళు మడుస్తూనే ఉంది.

ఒక రోజు పక్క కొట్టులో జున్ను అమ్మే ఎయుదోసియా ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండక్కా. రోజూ వింటున్నా గానీ ఇవాళే వెలిగింది. నీ రుఫీనో ఇంటిపేరు తుపయాచీయేనా? పొట్టిగా ఉంటాడు, బంగారు పన్ను?"

"అదే పన్ను. నాకు అద్దె ఎగ్గొడుతూ నవ్విన పన్ను."

"అయితే వెతకడం మానేసి కూర్చో. ఈ ఏడు పటపాంపాలో మరియ తల్లి పండగ పెద్ద మా అన్న అనక్లెతోయే. జూన్ చలిలోనే హుర్కా రొట్టె, కల్లు పట్టుకుని నీ రుఫీనో దగ్గరికి వెళ్ళాడు. పండగ రొట్టెలన్నీ రుఫీనో వంతు."

"రొట్టె తీసుకున్నాడా? తిన్నాడా?"

"కొరికాడు, నమిలాడు, గ్లాసు కూడా తాగాడు. మా వదిన పక్కనే ఉంది."

హెర్మెలిందా చేతిలోని దుంప కింద పెట్టేసింది. ఇక సందేహం లేదు, వస్తాడు. మనిషన్నవాడు అద్దె ఎగ్గొట్టొచ్చు, పెళ్ళాన్ని వదిలేయొచ్చు, కావాలంటే అడవిలో ఉన్నానని అత్త చేత అబద్ధం చెప్పించొచ్చు. కానీ పండగ పెద్ద గుమ్మంలోకి వచ్చి, సాయం అడిగే హుర్కా రొట్టె చేతిలో పెట్టి, ఇదీ నీ వంతు అన్నాక, ఆ రొట్టె కొరికినవాడు రాకుండా ఉండడు. రాకపోతే రేపు వాడి పిల్లల పెళ్ళికి మనుషులుండరు, వాడి శవం మోయడానికి భుజాలుండవు.

ఆమెకు సంతోషం కలగాలి. కలిగింది కోపం, ఇదివరకటికి రెట్టింపు. మాట నిలబెట్టుకోవడం వాడికి తెలుసన్నమాట! ఊరందరి దగ్గరా తెలుసు, తన దగ్గరే తెలియదన్నమాట!

పండగనాడు పటపాంపా గుడి ముందు బాకాలు మోగుతున్నాయి. ముసుగుల వాళ్ళు దుమ్ము లేపుతూ ఆడుతున్నారు. హెర్మెలిందా దారిపొడవునా తిట్లు కూర్చుకుని వచ్చింది. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ గొంతు పెంచాలి, అన్నీ సిద్ధం. రుఫీనో కనిపించాడు. కొత్త కోటు, భుజాల మీద రంగుకాగితం ముక్కలు, వెనకాల మనిషి ఎత్తున రొట్టెల గుట్ట. ఆమెను చూడగానే పన్ను మాయమైంది, అంతలోనే మళ్ళీ మెరిసింది.

"హెర్మె అక్కా! ఎన్నాళ్ళకు! నేనే నీ దగ్గరికి వద్దామనుకుంటున్నా."

"ఏ దారిన? అడవి దారినా, ఆసుపత్రి దారినా?"

"నెమ్మదక్కా, నెమ్మది. ఇవాళ తల్లి పండగ. ఇక్కడ గొడవేం బాగుంటుంది? రేపు కూర్చుని మాట్లాడుకుందాం."

"రేపు నువ్వెక్కడుంటావు? గడియ కూడా ఊడదీసుకుపోయినవాడివి, రాత్రికి రాత్రే మళ్ళీ పారిపోవూ?"

చుట్టుపక్కల వాళ్ళు ముఖాలు చిట్లించారు. ఒక ముసలమ్మ ఆమె చెయ్యి తట్టింది. "అమ్మాయ్, పండగపూట తగాదా తేకు. నీ గోడ ఎక్కడికీ పోదు."

"పోయిందనే కదమ్మమ్మా చెప్తున్నా!"

ఎవరూ వినలేదు. మరియ తల్లి పేరు చెప్పుకుని వాడు మళ్ళీ జారిపోతున్నాడు. సరిగ్గా అప్పుడే పండగ పెద్ద అనక్లెతో బాకాలు ఆపించి, రుఫీనో భుజం మీద చెయ్యి వేసి గట్టిగా అన్నాడు: "చూడండర్రా! ఒరోపేసా నుంచి ఇన్ని రొట్టెలు! మాటంటే ఈయనది. ఇచ్చాడంటే ఇచ్చినట్టే!"

జనం చప్పట్లు కొట్టారు. హెర్మెలిందా కూర్చుకున్న తిట్లన్నీ ఆ చప్పట్లలో పనికిరాకుండా పోయాయి. వచ్చిన ప్రతివాళ్ళకూ పంచినట్టే ఆమెకూ ఎవరో ఒక రొట్టె ఇచ్చారు. అది ఇంకా చేతిలోనే ఉంది. ఆమె దానివైపు చూసింది. అన్న పండగకు వచ్చి పక్కనే నిలబడ్డ ఎయుదోసియా చేతిలోంచి మొక్కజొన్న కల్లు గ్లాసు లాక్కుంది. టోపీ తీసి చంకలో పెట్టుకుని జనం మధ్యకు నడిచింది.

"దోన్ రుఫీనో తుపయాచీ గారూ," అంది. జన్మలో మొదటిసారి అతన్ని దోన్ అంది, గారూ అంది. "హుర్కా తెచ్చాను."

ఆ మాటకు చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు.

"సకల పునీతుల పండగలోపు, వానలు రాకముందే, ఉర్కోస్‌లో నా ఇంటి వెనకగోడ లేపుతున్నాను. నాకు మొగుడు లేడు, కొడుకు లేడు. మీ వంతు ఎక్కువేం అడగను. ఇటుకలు మీవి, పెంకులు మీవి, చేతులు మీవి. మరియ తల్లి ఎదుట అడుగుతున్నా, తీసుకోండి."

రుఫీనో నవ్వబోయాడు. "ఇది నేను కాల్చిన రొట్టే కదక్కా."

"మీరు కాల్చిందే. ఆ కాల్చడమేదో నా గోడలో కాల్చారుగా."

ఎక్కడో ఒక నవ్వు. తర్వాత పది నవ్వులు. సంగతేమిటో తెలియని వాళ్ళు, "తీసుకోవయ్యా, ఆడమనిషి చెయ్యి చాపి నిలబడింది!" అని కేకలేశారు. అనక్లెతో ముఖంలో నవ్వు పోయింది. తన పండగలో, తన కళ్ళముందు, హుర్కా వెనక్కి పోతే అవమానం తనదే.

"ఏం రుఫీనో," అన్నాడు నెమ్మదిగా, "నా రొట్టె తిన్న నోటికి ఈమె రొట్టె చేదా?"

రుఫీనో రొట్టె తీసుకున్నాడు. చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"తినండి," అంది హెర్మెలిందా.

కొరికాడు. నమిలాడు. తన చేతి రొట్టెను అతను అంత కష్టపడి ఎప్పుడూ తిని ఉండడు. మింగేదాకా ఆమె కన్ను తిప్పలేదు. గ్లాసు కూడా ఖాళీ చేయించింది.

వచ్చాడు. వారం తిరక్కుండా ఇద్దరు మేనల్లుళ్ళతో, ఇటుక అచ్చులతో వచ్చాడు. వాడు రావడమైతే వచ్చాడు కానీ, హెర్మెలిందా కోపానికి కొత్త మేత దొరికింది. హుర్కా మీద వచ్చినవాడు పనివాడు కాదు, చుట్టం. పొద్దున సూప్ పెట్టాలి, పొద్దెక్కాక కల్లు పోయాలి, మధ్యాహ్నం గినీపందిని కాల్చి పెట్టాలి, అందులో బలిసినదాన్ని అతనికే వేయాలి. గోడ కూల్చినవాడికి తల వంచి వడ్డించాలి!

"ఉప్పు తగ్గినట్టుందక్కా," అనేవాడు అతను ఎముక చీకుతూ.

"గోడతోపాటు పోయింది."

"ఇంకా కోపమేనా?"

"తిను. తిని మట్టి తొక్కు."

అతను పాటలు పాడుతూ తొక్కేవాడు. పొరపాటైంది అని ఒక్కసారి, నోరు జారి కూడా, అనలేదు. గడియ మాత్రం తెచ్చి, ఎవరూ చూడనప్పుడు తలుపుకు బిగించాడు. పాత గోడ పెళ్ళలను పడేయకుండా నానబెట్టి కొత్త మట్టిలో కలిపారు. సతుర్నీనా పోసిన ఇటుకలన్నీ అలా గుంటలో కరిగిపోవడం హెర్మెలిందా గట్టు మీద నిలబడి చూసింది. ఏడుపు అతనికి కనపడకూడదని, కల్లు కుండ తెచ్చే వంకతో వంటింట్లోకి పోయింది.

పునీతుల పండగకు రెండు రోజుల ముందు పెంకులు ఎక్కాయి. ఎరువు సంచులు దిగాయి. ఇంటికి కాపుగా కప్పు మీద చిన్న శిలువ, మట్టి ఎద్దుల జత పెట్టారు. జనం వచ్చారు, కల్లు తాగారు. జడ్జి దోన్ అబెలార్దో గ్లాసెత్తి, "రుఫీనో గోడకు!" అన్నాడు. అందరూ "రుఫీనో గోడకు!" అన్నారు. రుఫీనో టోపీ తీసి, బంగారు పన్నంతా కనిపించేలా వంగి దండం పెట్టాడు.

"రుఫీనో గోడేంటి?" అని అరిచింది హెర్మెలిందా. "అది మా అమ్మ గోడ! అందులో ఉన్నది మా అమ్మ మట్టి!" బాకా ఊదేవాడు అప్పుడే ఊదాడు. ఎవరికీ వినపడలేదు.

నవంబరు చివర వానలు పడ్డాయి. గోడ తడిసింది, నిలబడింది. ఊళ్ళో ఇప్పటికీ దాన్ని రుఫీనో గోడ అనే అంటారు. ఎవరైనా ఆ మాటంటే హెర్మెలిందా వాళ్ళకు దుంపలు అమ్మదు.

మీరెప్పుడైనా ఉర్కోస్ దారిన బస్సులో పోతుంటే, ఏటి పక్కన ఆ ఎద్దుల జత ఉన్న కప్పును చూపించి ఎవరో ఒకరు రొట్టెలాయన సంగతి చెప్పి నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు. కానీ ఆ గోడ దాటేలోపు, మంచులో ఒట్టికాళ్ళతో, వీపున బిడ్డతో, ఆ మట్టిని మొదట తొక్కిన సతుర్నీనాను ఒక్కసారి తలుచుకోండి.