టైలరత్త కడుపులో నీళ్ళు

చిన్న కథే. మీరు చెప్పులు వేసుకునేలోగా అయిపోతుంది.

మా సందులో పొద్దున్నే కుళాయి తిప్పితే ముందు దగ్గుతుంది, తర్వాత గాలి వదులుతుంది, ఆనక గోధుమరంగు నీళ్ళిస్తుంది. ఆ రంగు ఇనుమనీ, ఒంటికి బలమనీ ప్లంబరు బాబాయి అంటాడు. ఆ బలంతోనే రోజంతా దొడ్డివైపు పరిగెడుతుంటాడు. ఆయన పెళ్ళాం సంగతి మరీ... సరే, మన కథ టైలరత్తది కదా.

టైలరత్తకి సిగ్గేస్తే చీరతో సహా గాజైపోతుంది. జాకెట్టు కొలత తప్పిన రోజున మేం ఆ ఇంట్లో చేతులు ముందుకు చాచుకుని నడుస్తాం, కనపడని అత్తకి తగలకుండా.

ఒకరోజు నీళ్ళు పరీక్ష చేసే అమ్మాయి ఖాళీ సీసాతో వచ్చింది. నీళ్ళు చెడ్డవని తేలితే సందుకి ఫిల్టరు పెడతారట. అత్త మనవరాలు అప్పటికే విరేచనాలతో మంచం పట్టి ఉంది. అయినా గడపలోకొచ్చిన మనిషి చేతిలో మురికినీళ్ళెలా పెడతాం? అత్త సీసా వంటింట్లోకి పట్టుకెళ్ళి తళతళలాడే నీళ్ళతో తెచ్చిచ్చింది. మర్యాదంటే అత్తదే అనుకున్నాం అందరం.

మళ్ళీ వచ్చినప్పుడు ఆ అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

"మీ నీళ్ళు బంగారం, పిన్నిగారూ. ఫిల్టరు పక్క కాలనీకి ఇచ్చేస్తున్నాం."

లోపల పిల్ల మూలిగింది.

"ఎవరికండీ, బాగాలేదా?"

"దిష్టి," అన్నాడు ప్లంబరు బాబాయి.

"దిష్టీ లేదు, గాడిదగుడ్డూ లేదు!" కోడలు బయటికొచ్చింది. "అత్తయ్యా, ఆరోజు ఏ నీళ్ళు పట్టిచ్చారు?"

"కొన్న క్యానులోవే."

"ఇంట్లో క్యాను ఉందా? నా కూతురు కుళాయి నీళ్ళు తాగి ఇలా అయిపోతుంటే?"

"చుట్టాలొస్తే పరువు పోకూడదని దాచానే, తల్లీ..."

మాట పూర్తవకుండానే అత్త గాజైపోయింది. వెనకున్న గోడ కనిపించింది. గోడకి ముందు, నడుమెత్తున, ఆవిడ పొద్దున తాగిన నీళ్ళు కనిపించాయి. గోధుమరంగు, అడుగున మట్టి, మట్టిలో మెదులుతున్నవేవో.

ఎవరం తలెత్తలేదు. క్యాను కాకపోతే ఇంకోటి, అందరిళ్ళలోనూ చుట్టాల నీళ్ళు వేరే ఉన్నాయి. బాబాయి ఇనుము ఊసెత్తలేదు.

"కదలకండి, పిన్నిగారూ, రాసుకుంటాను," అంది ఆ అమ్మాయి మెల్లగా.

ఫిల్టరు వచ్చింది. పిల్ల లేచి తిరుగుతోంది. కోడలు ఇంకా అత్తతో మాట్లాడటంలేదు.

అత్తకి మాత్రం నీళ్ళ పరీక్షల ఆఫీసులో ఉద్యోగమిచ్చారు. జనం మొహమాటంతో మంచినీళ్ళే పట్టిచ్చే కాలనీలకి తీసుకెళ్తారు. అక్కడి కుళాయి నీళ్ళు ఒక్క గుక్క తాగి, మనవరాలిని తలుచుకుని నిలబడుతుంది. సిగ్గు తగ్గితే ఉద్యోగం పోతుందని ముందే చెప్పారు.

ఇంతవరకూ పోలేదు.