ఎమ్మెల్యే పంపిన మనిషి

ఎల్బీనగర్ చుట్టుపక్కల ద్రాక్ష తోటలున్న రోజుల నుంచీ జనార్ధన్ వాళ్ళ కుటుంబం అక్కడిదే. తాత తోటలు పెంచాడు. తండ్రి ఆ తోటల్ని ప్లాట్లు చేసి అమ్మాడు. ఆ ప్లాట్లు కొనుక్కుని ఇళ్ళు కట్టుకున్నవాళ్ళ గడపగడపకీ చేతులు జోడించుకుని తిరిగి, జనార్ధన్ ఎమ్మెల్యే అయ్యాడు.

గెలిచిన దగ్గర్నుంచీ అతనిది ఒకటే బెంగ. చేసిన పని జనానికి తెలియకుండా పోతుందేమోనని. అందుకని రెండు నెలలకోసారి 'కాలనీ ముచ్చట' అని నాలుగు పేజీల పత్రిక వేయించి పంచేవాడు. ముందు పేజీలో శంకుస్థాపనల ఫొటోలు, లోపల ఎక్కడ ఏ రోడ్డు పడిందీ ఏ పార్కులో వ్యాయామం సామాను పెట్టిందీ, చివరి పేజీలో ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలు, రక్తదాన శిబిరాలు, పోయినవాళ్ళకు నివాళులు. రాసేదంతా అతని పీఏ వంశీకృష్ణ. పంచడానికి మాత్రం నెలలో ఒకటి రెండు పొద్దులు జనార్ధన్ తనే బయల్దేరేవాడు.

ఆ జూలైలో అలాగే చైతన్యపురి సందుల్లోకి వెళ్ళాడు. అక్కడ కోటేశ్వరమ్మ అనే ఆవిడ ఆడపిల్లల హాస్టల్ నడుపుతుంది. భీమవరం వైపు నుంచి వచ్చి రెండేళ్ళు కూడా కాలేదు. పత్రిక చేతికిస్తే ఆవిడ ముందు పేజీ వైపు కూడా చూడకుండా మడిచి చంకలో పెట్టుకుంది.

"లైటు విషయంలో మాత్రం మీ మేలు మర్చిపోలేమండి. పిల్లలు కోచింగ్ నుంచి వచ్చేసరికి సందంతా చీకటిగా ఉండేది. మీరు మనిషిని పంపించి మరీ వేయించారు" అంది.

ఏ లైటో జనార్ధన్‌కు తెలియదు. ఎవర్నీ పంపిన గుర్తూ లేదు. కానీ మెచ్చుకోలు వినపడగానే రెండు చేతులూ వాటంతటవే దగ్గరకొచ్చాయి, నోరు దానంతటదే "నా బాధ్యతమ్మా" అనేసింది. అన్నాక తలెత్తి చూస్తే స్తంభానికి కొత్త లైటు ఉంది.

గడ్డిఅన్నారంలోనూ అదే వరస. పండ్ల మార్కెట్ తరలిపోయినా ఆ మూలనే టీ బండి పెట్టుకుని ఉండిపోయిన జగన్ అనే అతను, డబ్బులు తీసుకోకుండా టీ పోశాడు. బండి ముందు మురుగుతో పొంగే మోరీని ఎమ్మెల్యే సారే దగ్గరుండి బాగు చేయించాడని పక్కవాళ్ళకు చెప్పాడు. దగ్గరున్నది ఎవరని జనార్ధన్ మెల్లగా అడిగితే, మీరు పంపిన పెద్దాయనే, తెల్ల జుట్టు, పాత స్కూటర్, అన్నాడు. పత్రికలో ఘనంగా వేసిన పార్కు సంగతి అక్కడ ఒక్కరూ ఎత్తలేదు.

కారెక్కాక వంశీకృష్ణను అడిగాడు జనార్ధన్. తను ఎవర్నీ పంపలేదన్నాడతను. ఆఫీసులో తెల్ల జుట్టు మనిషే లేడన్నాడు. కాసేపు ఆలోచించి, ఏదైతేనేం, ఈ రెండు పనులూ వచ్చే సంచికలో వేసేద్దామన్నాడు.

"నేను జేయలే కద" అన్నాడు జనార్ధన్.

"మీరే చేశారని జనం అంటున్నారు కదా సార్. చేయలేదని అంటున్నది మీరొక్కరే."

ఆ మాట జనార్ధన్‌కు వినడానికి సబబుగానే ఉంది, కానీ ఎక్కడో తిరకాసుంది. తన పేరు వాడుకుని ఎవరో తిరుగుతున్నాడంటే ఊరికే తిరుగుతాడా? రేపు ఎక్కడో ఏదో దండుకుంటాడు, పట్టుబడితే పేపర్లో పడేది తన పేరు. మున్సిపల్ ఇంజనీరుకు ఫోన్ చేశాడు. ఆయన ఈ మధ్యే బదిలీ మీద వచ్చినవాడు.

"అవును సార్, మీరు పంపిన పెద్దమనిషే వచ్చి చెప్పాడు. చాలా పద్ధతిగల మనిషి" అన్నాడు ఇంజనీరు.

"ఆయన పేరేంది?"

"మీ పేరే చెప్పాడు సార్."

జనార్ధన్ ఫోన్ పెట్టేశాడు. ఎంత కూడినా తీసినా లెక్క కుదరలేదు. దొంగైతే పని ఎందుకు చేస్తాడు? మంచివాడైతే సొంత పేరు ఎందుకు చెప్పుకోడు?

ముడి విప్పింది వెంకట్రావు. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరై, వాననీటి నాలా పక్కనున్న అపార్ట్‌మెంట్ల సంఘానికి అధ్యక్షుడుగా ఉన్నాడు. తెనాలి మనిషి, మాట కచ్చితం. మర్నాడు పత్రిక అందుకుని మొదటి నుంచి చివరి దాకా అక్కడే నిలబడి చదివి, కళ్ళజోడు తీశాడు.

"మా నీళ్ళ వాల్వు మార్పించారు కదా, అది వేయలేదేంటండీ? చేసిన పని మీకే గుర్తు లేకపోతే ఎలా?" అని అడిగాడు.

జనార్ధన్ ఈసారి చేతులు జోడించలేదు. ఎవరు మార్పించారని సూటిగా అడిగాడు.

"భిక్షపతిగారేనండి. మీరు పంపించారనే చెప్పారు. ఆయన మీ పార్టీలోకి వచ్చేశారనుకుంటున్నాం మేమంతా."

 భిక్షపతి ఎన్నికల్లో జనార్ధన్ మీద పోటీ చేసి ఓడిపోయిన మనిషి. అంతకుముందు కార్పొరేటర్‌గా చేశాడు. ఇద్దరిదీ ఒకే పాత ఊరు. రక్త సంబంధం లేకపోయినా చిన్నప్పటి నుంచీ మామా అల్లుడూ అని పిలుచుకున్నవాళ్ళు. ప్రచారంలో మాత్రం ఇద్దరూ నోటికొచ్చినట్టు అనుకున్నారు. సొంత గల్లీలో మోరీ ఎక్కడుందో జనార్ధన్‌కు తెలవదని భిక్షపతి అన్నాడు. భిక్షపతి తేదీ దాటిన మందుగోళీ అని జనార్ధన్ అన్నాడు. ఆ తర్వాత రాకపోకలు ఆగిపోయాయి. జనార్ధన్ చెల్లెలి కొడుకు పెళ్ళికి పిలుపు కూడా పోలేదు. అలాంటి మనిషి తన పేరు మోసుకుంటూ స్కూటర్ మీద తిరగడమేమిటి?

సాయంత్రం ఒక్కడే వెళ్ళాడు. హయత్‌నగర్ పాత ఊళ్ళో భిక్షపతి ఇల్లు. అరుగు మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఎమ్మెల్యేని చూసి లేచారు తప్ప ఎవరూ ఆశ్చర్యపోలేదు, రోజూ వచ్చే మనిషిని చూసినట్టు చూశారు. ఆశ్చర్యపోయింది భిక్షపతి భార్య ఆండాలు ఒక్కతే. రమ్మనాలో వద్దనాలో తెలియక గుమ్మంలో నిలబడిపోయి, చివరికి లోపలికెళ్ళి చాయ్ పెట్టింది.

భిక్షపతి బనీను మీద తువ్వాలు వేసుకుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. దారి పొడుగునా జనార్ధన్ గట్టిగా అడగాలని కూడగట్టుకున్న మాటలన్నీ ఆ తెల్ల జుట్టు చూడగానే చెదిరిపోయాయి.

"నా పేరెందుకు చెప్తున్నవ్ మామా?" అన్నాడు.

"నా పేరు చెప్తే పని అయితలేదు అల్లుడా. నీ పేరు చెప్తే అయితున్నది. గంతే."

"మరి జనాన్ని నా దగ్గరికి తోలియ్యొచ్చు కద?"

"తోలిన. నీ ఆఫీసుల టోకెన్ ఇస్తున్నరంట. కూసోబెడుతున్నరంట. మల్ల నా ఇంటికే ఒస్తున్నరు. ఇన్నేండ్లు అలవాటైన కాళ్ళు, ఓడిపోయిన్నని ఆగుతయా? ఇంటికొచ్చినోళ్ళను ఏమని పంపాలె?"

కోపం తెచ్చుకోవడానికి జనార్ధన్‌కు ఒక్క ఆసరా దొరకలేదు. తన పేరు వాడుకున్నాడు నిజమే, కానీ తనకే మంచి పేరు తెచ్చాడు. తనను తిట్టిన నోటితోనే తన తరఫున మాట్లాడాడు. చివరికి, ఆ పనులన్నీ నీ పేరు మీదనే పత్రికలో వేయిస్తానన్నాడు. భిక్షపతి చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. అలా వేస్తే సొంత పార్టీవాళ్ళు ఒక్కరోజు కూడా ఉంచరనీ, పోయి ఎమ్మెల్యే కింద పని చేస్తున్నాడంటారనీ చెప్పాడు. పోనీ నా పేరు మీద వేయనా అంటే, నువ్వు చేయని పని నీ పేరు మీద ఎట్ల ఏస్తవని నిలదీశాడు. మరి నువ్వు చెప్పుకుంటూ తిరుగుతున్నది అదే కదా అంటే, నేను చెప్పుడు వేరు, నువ్వు చెప్పుకునుడు వేరు అన్నాడు.

ఇక మీదట మానెయ్యమని చెప్పకుండానే, కానియ్యమని కూడా అనకుండానే జనార్ధన్ లేచి వచ్చేశాడు. రాత్రి భోజనాల దగ్గర భార్య స్వర్ణలతకు అంతా చెప్పాడు. మామ ఇప్పుడు మనవాడా, అవతలివాడా అని ఆమె అడిగింది. తెలవదన్నాడు. చెబుతుంటే తనకే మరింత తికమకగా ఉందన్నాడు.

తర్వాతి సంచికకు వంశీకృష్ణ లైటూ మోరీ వాల్వూ రాసుకొస్తే జనార్ధన్ కొట్టేశాడు. ఖాళీ అయిన చోట బోనాల ఏర్పాట్ల వార్త, నీట్‌లో ర్యాంకు తెచ్చుకున్న సింధూర అనే అమ్మాయి ఫొటో పెట్టించాడు. మనసు కొంచెం తేలికైంది. కనీసం ఒక్కచోటైనా నిజం చెప్పాలనిపించి, అటు వెళ్ళినప్పుడు కోటేశ్వరమ్మ హాస్టల్ దగ్గర కారాపాడు.

"ఆ లైటు నేను ఏపియ్యలేదమ్మా" అన్నాడు.

ఆవిడ మెట్ల మీద టిఫిన్ ప్లేట్లతో కూర్చున్న పిల్లల వైపు తిరిగి, "విన్నారా? చేసిన పని కూడా నాది కాదంటున్నారు. పెద్దరికమంటే అదీ" అని చెప్పింది. పిల్లల్లో ఒకమ్మాయి లేచి అతనితో సెల్ఫీ తీసుకుంది. జనార్ధన్ ఇంకోసారి చెప్పబోయి మానుకున్నాడు. ఎన్నిసార్లు కాదంటే అంత పెద్దవాణ్ణయ్యేలా ఉన్నాననుకుని కారెక్కాడు.

వారం తిరగకముందే వానలు పట్టుకున్నాయి. ఒక పొద్దున భిక్షపతే ఫోన్ చేశాడు. ఎన్నికల తర్వాత అతను తనంతట తాను చేసిన మొదటి ఫోన్ అది. వెంకట్రావు వాళ్ళ అపార్ట్‌మెంట్లకు ఎదురొడ్డున పేదలుండే బస్తీ ఉంది. అక్కడ ముత్తమ్మ అనే ముసలామె ఇంటి వెనక నాలా గోడ పగిలిపోయింది. కొత్త గోడ కట్టడానికి మనుషులొస్తే అపార్ట్‌మెంట్లవాళ్ళు అడ్డం పడ్డారు. అటు గోడ లేస్తే నీళ్ళన్నీ తమ సెల్లార్లోకి వస్తాయని వాళ్ళ భయం. ముందు మా ఒడ్డున కట్టండని వాళ్ళంటే బస్తీవాళ్ళు ఒప్పుకోలేదు. పని ఆగిపోయింది.

"నీ పేరు చెప్పిన, పని కాలే" అన్నాడు భిక్షపతి. "అపార్ట్‌మెంటోళ్ళు నా మాట ఇంటలేరు. బస్తోళ్ళు నీకు ఓటే ఎయ్యలే, నీ మాట ఇనరు. ఇద్దరం పోవాలె."

జనార్ధన్ హయత్‌నగర్ వెళ్ళి అతన్ని కారులో ఎక్కించుకున్నాడు. తుంపరలో నాలా దగ్గర దిగేసరికి రెండు ఒడ్ల మీదా జనం గొడుగులతో నిలబడి ఉన్నారు. ఇద్దరూ ఒకే కారులోంచి దిగడం చూసి అరుపులు సద్దుమణిగాయి. భిక్షపతి బస్తీ వైపు వెళ్ళి ముత్తమ్మ గుమ్మంలో పీట మీద కూర్చున్నాడు. జనార్ధన్ ఇంజనీరును వెంటబెట్టుకుని వెంకట్రావు దగ్గరకెళ్ళాడు. అటు మాట ఇటూ, ఇటు మాట అటూ నాలా మీదుగా చాలాసేపు నడిచింది. రెండు గోడలూ ఒకేసారి మొదలుపెట్టి, ఒకే ఎత్తుకు లేపితే ఎవరికీ భయముండదని చివరికి తేలింది. ఖర్చు పెరుగుతుంది, పైవాళ్ళను అడగాలి అని ఇంజనీరు నసిగితే, ఆ డబ్బు తెచ్చే పూచీ తనదని జనార్ధన్ అందరి ముందూ ఒప్పుకున్నాడు. ముత్తమ్మ ఇంటికి ఆ పూటే ఇసుక బస్తాలు అడ్డం పెట్టించారు. ఆ గొడుగుల మధ్య నిలబడి ఉండగా, ఈ పని తనదని ఎవరడిగినా చెప్పగలననిపించింది జనార్ధన్‌కు. ఆ వెంటనే, సగమేనని కూడా అనిపించింది.

తిరిగి కారెక్కే లోపే ఇద్దరి ఫోన్లూ మోగడం మొదలుపెట్టాయి. ఎవరో ఫొటో తీసి గ్రూపుల్లో పెట్టేశారు. భిక్షపతిని చేర్చుకుంటున్నావా, మాతో ఒక్క మాటైనా చెప్పవా అని జనార్ధన్ పార్టీ పెద్ద అడిగాడు. జనార్ధన్ మన వైపు వస్తున్నాడంట కదా, శభాష్ అని భిక్షపతి పార్టీ పెద్ద అన్నాడు. అలాంటిదేం లేదని ఇద్దరూ ఎవరి ఫోన్లో వాళ్ళు చెప్పారు. అవతలివాళ్ళు నమ్మలేదు. మరెందుకు కలిశారంటే నాలా గోడ కోసమన్నారు. అది అసలే నమ్మలేదు.

ఫోన్లు జేబులో పెట్టుకుని ఇద్దరూ కారెక్కారు. కారు వనస్థలిపురం దాటింది. చాలా రోజులుగా నాలుక చివర ఉన్నది అడిగేశాడు జనార్ధన్.

"మామా, ఒచ్చేసారి నిలబడ్తవా?"

"నిలబడకుంట ఎట్లుంట? నిలబడ్త."

"ఎవరి మీద?"

"ఇంకెవరి మీద. నీ మీదనే."

"మరి జనానికి ఏం చెప్తవ్? పనులన్నీ నేనే జేసిన్నని ఇన్ని రోజులు నువ్వే చెప్పుకుంట తిరిగినవ్ కద."

భిక్షపతి తువ్వాలు తీసి తడిసిన తల తుడుచుకున్నాడు. తుడుచుకున్న తలే మళ్ళీ తుడుచుకున్నాడు.

"గదే నాకు సమజైతలేదు అల్లుడా" అన్నాడు.